ఆరు నెలలు ఉంచుతామంటున్నారు, ఆ ఆరు నెలల్లో ఏం చేస్తారు? దీర్ఘకాల డీఅడిక్షన్ కేంద్రాలపై బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీల చైర్‌పర్సన్లకు, సభ్యులకు, రివ్యూ బోర్డుల సభ్యులకు,

నమస్కారం.

మద్యం, కల్తీ కల్లు, గంజాయి, నొప్పి మాత్రల అలవాటులో చిక్కుకున్న వాళ్లకు చికిత్స చేసే వైద్యులం, నర్సులం, కౌన్సెలర్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది ఉంచుకుంటామని చెప్పే డీఅడిక్షన్ సెంటర్లు ఇప్పుడు పట్టణాల శివార్లన్నిటా కనిపిస్తున్నాయి. ఎన్ని నెలలు ఉంచుతారో, నెలకు ఎంత కట్టాలో అడిగిన వెంటనే చెబుతారు. ఆ నెలల్లో ఏ వారం ఏం చేస్తారో, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారో, ఇంటికి పంపాక ఎవరు పలకరిస్తారో అడిగితే చాలాచోట్ల జవాబు ఉండదు. చేర్చుకున్న గంట నుంచి ఇంటికి వెళ్లిన ఏడాది వరకు ఏ దశలో ఏం జరగాలో మీరు రాతపూర్వకంగా నిర్దేశించాలి. అది జరుగుతోందో లేదో వెళ్లి చూడాలి. జరగని చోట రిజిస్ట్రేషన్ ఆపాలి. మేం అడిగేది ఇదే.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స దొరికింది. చేరి చికిత్స పొందింది ప్రతి 180 మందిలో ఒక్కరు. ఇంత కరువున్న చోట ఎవరు గేటు తీస్తే వాళ్ల దగ్గరికే కుటుంబాలు వెళ్తాయి. రోజూ తిట్లు, దెబ్బలు, అప్పులవాళ్ల ఫోన్లు భరించిన భార్య, తల్లి ముందుగా అడిగేది "ఎన్నాళ్లు ఉంచుకుంటారండీ?" అనే. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ అలసటను సొమ్ము చేసుకునే వాళ్లను అదుపు చేయాల్సింది మీరు.

అధికారం మీకు పుష్కలంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలోనే మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో వచ్చే మానసిక స్థితులు ఉన్నాయి. అందువల్ల అలాంటి వాళ్లను చేర్చుకుని ఉంచే ఏ చోటైనా సెక్షన్ 65 కింద రిజిస్టరు కావలసిందే. ఆశ్రమం అని పేరు పెట్టుకున్నా, ట్రస్టు అన్నా, యోగా కేంద్రమన్నా తప్పించుకునే వీల్లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే సెక్షన్ 107 కింద మొదటిసారి 5,000 నుంచి 50,000 రూపాయలు, రెండోసారి 2 లక్షల వరకు, ఆ పైన 5 లక్షల వరకు జరిమానా. ఆరు నెలల ఫీజు ముందే కట్టించుకునే చోట మొదటి జరిమానా ఒకరిద్దరి అడ్వాన్సుతో తీరిపోతుంది. కాబట్టి జరిమానా వేసి ఊరుకుంటే లాభం లేదు.

అలాగని పోలీసుల్ని తీసుకెళ్లి గేటుకు సీలు వేసి, లోపల ఉన్నవాళ్లను ఆటోలెక్కించి ఇళ్లకు పంపడం ఇంకా ప్రమాదం. వాళ్లలో కొందరు విత్‌డ్రాయల్ (మత్తు ఒక్కసారిగా ఆపితే ఒంటికి కలిగే బాధ) మందుల మీద ఉంటారు. ఒక్కసారిగా మందు ఆగితే దారిలోనే ఫిట్స్ రావచ్చు. మూసివేతకు వెళ్లేటప్పుడు వెంట ఒక సైకియాట్రిస్టు ఉండాలి. ఒక్కొక్కరి మందుల చార్టు నకలు తీసుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో మంచాలు ముందే సిద్ధం చేసుకోవాలి. ఏ మందు చివరి డోసు ఎప్పుడు ఇచ్చారో రాసిన కాగితం ప్రతి మనిషి చేతిలో ఉండాలి.

అసలు ఎవరికి ఇన్ని నెలల మంచం కావాలి? మద్యం ఇబ్బందితో వచ్చే ఎక్కువ మందికి వారం పది రోజుల డిటాక్స్ (మందుల సాయంతో మత్తును ఒంట్లోంచి సురక్షితంగా దింపడం), ఆ తర్వాత మందులు, కౌన్సెలింగ్, క్రమం తప్పని ఓపీ సరిపోతాయి. 1980లో చెన్నైలో మొదలైన టీటీ రంగనాథన్ ఫౌండేషన్ నడిపే టీటీకే ఆసుపత్రి, 1986లో పుణెలో మొదలైన డీఅడిక్షన్ కేంద్రం ముక్తాంగణ్ నెలల తరబడి తాళం వేయకుండానే, లోపల కొద్ది వారాల కార్యక్రమం, బయట ఏళ్ల తరబడి ఫాలోఅప్‌తో దేశానికి దారి చూపించాయి. దీర్ఘకాలం ఉంచాల్సింది వేరే రకం వాళ్లను. ఓపీలోనూ, చిన్న అడ్మిషన్లలోనూ పదే పదే ప్రయత్నించి జారిపోయినవాళ్లు, రెండు మూడు మత్తులు కలిపి వాడేవాళ్లు, గంజాయితో పాటు సైకోసిస్ (భ్రమలు, లేని గొంతులు వినిపించడం) కూడా ఉన్న కుర్రాళ్లు, తిరిగి వెళ్లడానికి ఇల్లే లేనివాళ్లు, ఇల్లున్నా ఆ ఇంట్లోనే సరుకు అమ్మకం జరిగేవాళ్లు. ఇలాంటి వాళ్లకు మూడు నెలల లోపు చికిత్స పెద్దగా పనిచేయదని అమెరికా జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ సంస్థ నైడా కూడా తన మార్గదర్శకాల్లో రాసింది. ఆ మూడు నెలలంటే లోపలున్న రోజులే అనుకోనక్కర్లేదు, చికిత్సతో తెగని సంబంధం అన్ని రోజులు ఉండాలి. అందువల్ల చేర్చుకునేటప్పుడే "ఈ మనిషికి దీర్ఘకాలం ఎందుకు" అన్న ప్రశ్నకు సైకియాట్రిస్టు సంతకంతో నాలుగు వాక్యాల కారణం ఫైల్లో ఉండాలని నిబంధన పెట్టండి. కారణం రాయలేని చోట అవసరం లేదనే అర్థం.

ఇక మొదటి పది రోజుల సంగతి. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే కనుక కాస్త వివరంగా రాస్తున్నాం.

రోజూ బాగా తాగే మనిషి ఆపిన 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్లకు ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ దిగుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, పక్కన లేని మనిషితో మాట్లాడతాడు, ఖాళీ వేళ్లతో బీడీ వెలిగించుకుంటాడు, ఉన్నది ఆసుపత్రో ఇల్లో తెలియదు. ఒళ్లు కాలిపోతుంది, నాడి పరుగెడుతుంది. ఇది తెలియని కేంద్రాల్లో "నాటకాలాడుతున్నాడు" అని మంచానికి కట్టేస్తారు. వెల్లకిలా కట్టేసిన మనిషి వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెనుగులాడే కొద్దీ జ్వరం పెరుగుతుంది, ఒంట్లో నీరు ఆరిపోతుంది. తెల్లారేసరికి "గుండెపోటు" అని కుటుంబానికి ఫోన్ వెళ్తుంది.

దీన్ని ఆపడానికి కావలసినవి ఖరీదైనవి కావు. చేర్చుకునేటప్పుడు చివరిసారి ఎప్పుడు తాగాడు, రోజుకు ఎంత, ఇంతకు ముందు ఆపినప్పుడు ఫిట్స్ గానీ డెలీరియం గానీ వచ్చిందా, ఈ మధ్య పడి తలకు దెబ్బ తగిలిందా, కామెర్లున్నాయా, షుగర్ ఉందా, ఇంకే మాత్రలు వాడుతున్నాడు అని అడిగి రాయాలి. రక్తపరీక్షలో బ్లడ్ కౌంట్, లివర్, కిడ్నీ, షుగర్, సోడియం, పొటాషియం చూడాలి. ఒక ఈసీజీ తీయాలి. ఆ పైన సీవా స్కేలు, అంటే మద్యం విత్‌డ్రాయల్ ఎంత తీవ్రంగా ఉందో లెక్కకట్టే పట్టిక. పది అంశాలు, మొత్తం 67 మార్కులు. నర్సు అయిదు నిమిషాల్లో వేయగలిగిన లెక్క. మొదట్లో నాలుగు గంటలకోసారి వేయాలి, మార్కులు 15 దాటితే గంట గంటకూ చూడాలి, డాక్టరును పిలవాలి. డయాజెపామ్ గానీ క్లోర్‌డయాజెపాక్సైడ్ గానీ మార్కులను బట్టి ఇచ్చి, అయిదు నుంచి పది రోజుల్లో మెట్టు మెట్టుగా తగ్గించాలి. లివర్ చెడినవాళ్లకూ, పెద్దవయసు వాళ్లకూ లొరాజెపామ్ మేలు.

మూడు తప్పులు పదే పదే జరుగుతున్నాయి. మొదటిది, నీరసంగా ఉన్నాడని రాగానే గ్లూకోజ్ సీసా ఎక్కించడం. తాగేవాళ్ల ఒంట్లో థయమిన్ అడుగంటి ఉంటుంది. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయి వెర్నికే ఎన్‌సెఫలోపతీ అనే మెదడు జబ్బు రావచ్చు. చూపు వంకరపోతుంది, నడక తూలుతుంది, మతి పోతుంది. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి ఎప్పటికీ తిరిగి రాదు. థయమిన్ ఇంజెక్షన్ ముందు, గ్లూకోజ్ తర్వాత. వెర్నికే అనుమానం ఉంటే 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు నరానికి ఇవ్వాలి, మాత్రతో సరిపెట్టకూడదు. రెండో తప్పు, గొడవ చేస్తున్నాడని హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఒక్కటే పొడిచి పడుకోబెట్టడం. ఆ మందు ఫిట్స్ రావడాన్ని తేలిక చేస్తుంది. డయాజెపామ్ లాంటి మందు తోడు లేకుండా విత్‌డ్రాయల్‌లో దాన్ని వాడటం ప్రమాదం. మూడోది, తల లోపలి రక్తస్రావాన్ని విత్‌డ్రాయల్ అనుకోవడం. తాగి పడిపోయిన మనిషిలో మగత పెరుగుతూ ఉన్నా, ఒకవైపు చేయి కాలు బలం తగ్గినా, ఒక కనుపాప పెద్దదిగా కనిపించినా సీటీ స్కాన్‌కు పంపాల్సిందే.

కాబట్టి 24 గంటలూ నర్సు, ఆక్సిజన్, సక్షన్, ఫోన్ చేస్తే అరగంటలో చేరే డాక్టరు లేని కేంద్రం డిటాక్స్ చేయకూడదని స్పష్టంగా రాయండి. అలాంటి కేంద్రం తన ప్రాంతంలోని జిల్లా ఆసుపత్రితో ఒప్పందం చేసుకోవాలి. మొదటి పది రోజులు ఆసుపత్రిలో, ఆ తర్వాత కేంద్రంలో.

తెలంగాణ అథారిటీకి కల్తీ కల్లు గురించి విడిగా చెప్పాలి. కల్తీ కల్లులో కలుపుతున్నది ఆల్ప్రజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్. అంటే కల్తీ కల్లు మానేసే మనిషికి మద్యం విత్‌డ్రాయల్ కంటే నిద్రమాత్రల విత్‌డ్రాయల్ ఎక్కువ ఉంటుంది. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ మీద దాడులు జరిగినప్పుడు, 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడినప్పుడు ఫిట్స్‌తో, మతి తప్పి ఆసుపత్రులకు వచ్చినవాళ్ల వరుసలు అందరూ చూశారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఆ రోజుల్లో కిటకిటలాడింది. మద్యానికి వేసే అయిదు రోజుల లెక్క వీళ్లకు చాలదు. ఆల్ప్రజోలం ఆగిన ఒకటి రెండు రోజుల్లోనే బాధ మొదలవుతుంది. డయాజెపామ్ కలిసి ఉంటే వారం తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. సీసాలో ఎంత కలిపారో తాగేవాడికి తెలియదు, అమ్మేవాడు చెప్పడు. అందుకే రోజుకు ఎన్ని సీసాలు తాగుతాడన్న లెక్కతో మందు మోతాదు వేస్తే తప్పు పోతుంది. వణుకు, నాడి, నిద్ర చూసి డయాజెపామ్ స్థిరపరచి, వారాల మీద తగ్గించాలి. రోజు మోతాదులో పదో వంతు చొప్పున వారం రెండు వారాలకోసారి తగ్గించడం చాలామందికి సరిపడే వేగం. ఆడవాళ్లు, పెద్దవాళ్లు, కూలీనాలీ చేసుకునేవాళ్లు వీళ్లలో బాగా ఎక్కువ. వీళ్ల కోసం దాడులకు ముందే ఎక్సైజ్ శాఖ జిల్లా ఆసుపత్రులకు కబురు పెట్టే ఏర్పాటు ఉండాలి. దుకాణం ఈ రోజు మూస్తే వార్డు నిండేది ఎల్లుండి.

డిటాక్స్ అయిపోయిన మనిషి చూడటానికి బాగానే ఉంటాడు. తింటాడు, నవ్వుతాడు, "ఇక తాగను" అని ఒట్టేస్తాడు. చాలా కేంద్రాలు సరిగ్గా ఇక్కడే క్లాసులు మొదలుపెడతాయి. ఉదయం ఉపన్యాసం, సాయంత్రం ఉపన్యాసం. మొదటి రెండు మూడు వారాల్లో శ్రద్ధ, జ్ఞాపకం, ప్లానింగ్ ఇంకా కుంటుతూనే ఉంటాయి. నిద్ర కుదుటపడటానికి నెలలు పడుతుంది. విన్నది సాయంత్రానికి గుర్తుండదు. ఆ వారాల్లో చేయాల్సింది ఒంటికి సంబంధించిన పని: మూడు పూటలా తిండి, పొద్దున నడక, పగటి నిద్ర తగ్గించడం, పళ్లు, టీబీ, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు, ఎన్నాళ్లుగానో వాయిదా పడ్డ బీపీ షుగర్ మందులు. కౌన్సెలింగ్ ఉంటే ఇరవై నిమిషాలకు మించకుండా, ఒకసారికి ఒకే విషయం.

నాలుగో వారం నుంచి అసలు పని. కౌన్సెలరు వారానికి కనీసం రెండుసార్లు ఒక్కడితో కూర్చోవాలి. గుంపు చర్చ రోజూ ఉండాలి, పది పన్నెండు మంది మించకూడదు. ప్రతి మనిషి తన జారుడు మెట్ల పట్టిక తానే రాసుకోవాలి. ఏ రోజు, ఏ దారిలో, ఎవరితో, ఏ కోపంలో, చేతిలో ఎంత డబ్బున్నప్పుడు తాగాడో వివరంగా. "టెన్షన్ వల్ల తాగాను" అని రాస్తే కౌన్సెలరు ఒప్పుకోకూడదు. శనివారం కూలి డబ్బులు చేతికొచ్చాక బస్టాండు పక్క సందులోంచి నడిచి వెళ్లడం అని రాస్తే, దానికి మందు కనిపెట్టొచ్చు: కూలి భార్య ఖాతాలో పడేలా మేస్త్రీతో మాట్లాడుకోవడం, శనివారం మాత్రం వేరే దారి, ఆ గంటలో ఏఏ మీటింగు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం. దాని మీటింగులు తెలుగులో కూడా జరుగుతున్నాయి. లోపలున్నప్పుడే వారానికోసారి బయటి మీటింగుకు తీసుకెళితే, ఇంటికెళ్లాక ఆ గుమ్మం కొత్తగా అనిపించదు.

మందుల గురించి ఒక మాట. దీర్ఘకాల కేంద్రాల్లో చాలావాటికి మందులంటే చిన్నచూపు. సంకల్పబలం చాలంటారు. నాల్‌ట్రెక్సోన్ రోజుకు 50 మిల్లీగ్రాములు, లేదా కిడ్నీలు బాగున్నవాళ్లకు అకాంప్రోసేట్ 333 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి మూడు పూటలు, తాగాలన్న యావను తగ్గిస్తాయని తేలిన మందులు. వీటిని లోపలే మొదలుపెట్టి, ఇంటికెళ్లాక కొనసాగించాలి. డైసల్ఫిరామ్ వేరు. దాని మీద ఉండి తాగితే ముఖం ఎర్రబడి, బీపీ పడిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. మనిషికి తెలిసి, లిఖితపూర్వకంగా ఒప్పుకుని, లివర్, గుండె పరీక్షలయ్యాక, చివరి చుక్క తాగి కనీసం 12 గంటలు గడిచాకే ఇవ్వాలి. ఆపేసిన రెండు వారాల వరకు దాని ప్రభావం ఉండొచ్చు. "కూరలో కలిపి పెట్టండమ్మా, తెలియకుండా మానేస్తాడు" అని పొడి పొట్లాలు ఇచ్చే కేంద్రాల మీద ఫిర్యాదు వచ్చిందాకా ఆగకండి. అది నేరమే.

హెరాయిన్, ట్రమడాల్, బుప్రెనార్ఫిన్ లాంటి ఓపియాయిడ్‌ల (నల్లమందు జాతి మత్తుల) మీద ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం. మూడు నెలలు లోపలుండి శుభ్రమైన శరీరానికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది. బయటకొచ్చిన మొదటి వారంలో పాత లెక్కనే వాడితే ఊపిరి ఆగిపోతుంది. ఈ మాట డిశ్చార్జి రోజున మనిషికీ, ఇంటివాళ్లకూ విడివిడిగా చెప్పి సంతకం తీసుకోవాలి. ఓఎస్‌టీ (ఓపియాయిడ్ మత్తుకు బదులుగా డాక్టరు పర్యవేక్షణలో మందు ఇచ్చే చికిత్స) కేంద్రంలో బుప్రెనార్ఫిన్ మీద నిలకడగా ఉన్న మనిషిని చేర్చుకోగానే ఆ మందు ఆపించే పద్ధతిని నిషేధించండి.

యూరిన్ టెస్టు గురించి కూడా నియమం కావాలి. రోజూ గంజాయి తాగిన కుర్రాడి మూత్రంలో అది ఆపేసిన మూడు నాలుగు వారాల వరకు కనబడొచ్చు. పదిహేనో రోజు పాజిటివ్ వచ్చిందని "లోపలే తాగావు, ఎవరు తెచ్చారు?" అని కొట్టడం, భోజనం ఆపడం మా దృష్టికి వస్తూనే ఉంది. టెస్టు చికిత్స కోసం. శిక్ష వేసే సాక్ష్యంగా వాడకూడదు.

ఇప్పుడు దెబ్బల సంగతి. సాధారణంగా కొట్టేది యజమాని కాదు. "సీనియర్లు" అని పిలిచే పాత పేషెంట్లు. ఫీజు కట్టలేక ఉండిపోయినవాళ్లు, ఇంటికి వెళ్లలేనివాళ్లు, తిండికీ పడకకూ బదులుగా కాపలా కాస్తుంటారు. రాత్రి పికప్‌కు వెళ్లేదీ వాళ్లే. నలుగురు వచ్చి నిద్రలో ఉన్న మనిషిని చేతులు కట్టి బండిలో వేసుకుపోతారు. కుటుంబం సంతకం ఉంది కదా అంటారు. ఆ సంతకం ఒక్కదానికే చట్టంలో విలువ లేదు. ఇష్టపడి చేరిన మనిషి వెళ్లిపోతానంటే అదే 2017 చట్టం సెక్షన్ 88 ప్రకారం పంపాలి. కొన్ని నిర్దిష్ట పరిస్థితుల్లో పరీక్ష కోసం 24 గంటలు మాత్రమే ఆపొచ్చు. ఇష్టం లేకుండా చేర్చాలంటే సెక్షన్ 89: ఒక సైకియాట్రిస్టు, ఇంకొక వైద్యుడు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు ఏడు రోజుల లోపు విడివిడిగా పరీక్షించి, తనకు గానీ ఇతరులకు గానీ హాని చేసే ప్రమాదం ఉందనో, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నాడనో తేల్చాలి. గరిష్ఠంగా 30 రోజులు. ఇలాంటి అడ్మిషన్లను సమీక్షించే రివ్యూ బోర్డుకు ఏడు రోజుల్లో, స్త్రీ గానీ మైనరు గానీ అయితే మూడు రోజుల్లో తెలియజేయాలి. 30 రోజులు దాటితే సెక్షన్ 90, ఇద్దరు సైకియాట్రిస్టులు, బోర్డు అనుమతి. "ఆరు నెలల అగ్రిమెంట్" అని స్టాంపు పేపరు మీద రాయించుకున్నది ఈ చట్టం ముందు చిత్తు కాగితం.

సెక్షన్ 97 ఒంటరి గదిలో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. కట్టేయడం తప్పనిసరైతే, తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే, రికార్డు రాసి చేయాలి. సెక్షన్ 20 ప్రకారం బలవంతంగా గుండు కొట్టించకూడదు, యూనిఫాం వేయించకూడదు, జీతం లేకుండా పని చేయించకూడదు. వంట, మరుగుదొడ్లు కడగడం, యజమాని ఇంటి పని, ఇవన్నీ "వర్క్ థెరపీ" పేరుతో నడుస్తున్నాయి. థెరపీ అయితే దానికి లక్ష్యం, గంటలు, పర్యవేక్షణ ఫైల్లో ఉంటాయి.

మీ తనిఖీ బృందాలకు ఒక విన్నపం. చెప్పి వెళ్లకండి, పగలు వెళ్లకండి. రాత్రి ఎనిమిది తర్వాత వెళ్లండి. డ్యూటీ నర్సు పేరు రోస్టర్లో ఉండి మనిషి లేకపోవడం అప్పుడే తెలుస్తుంది. మంచాలు లెక్కపెట్టి, పరుపులు లెక్కపెట్టి, మనుషుల్ని లెక్కపెట్టండి. డయాజెపామ్ స్టాకు రిజిస్టరును మందుల చార్టులతో పోల్చండి. చార్టులన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే అంకెలతో ఉంటే ఆ రోజే కూర్చుని రాసినవి. గేటు తాళం చెవి ఎవరి దగ్గరుంది, మంటలు లేస్తే పై అంతస్తు వాళ్లు ఎటు దిగుతారు అని అడిగి, తాళం తీయించి చూడండి. ఊచలు బిగించిన కిటికీలకు లోపలినుంచి తెరుచుకునే గ్రిల్ ఒక్కటైనా ఉందా? పేషెంట్లతో సిబ్బంది లేకుండా, పేర్లు రాసుకోకుండా మాట్లాడండి. చొక్కా పైకెత్తమని అడగండి. మణికట్టు మీద తాడు గుర్తు కొన్నాళ్లు ఉంటుంది. ఫిర్యాదుల పెట్టె ఉందనుకోండి, దాని చెవి మేనేజరు దగ్గరే ఉంటే అది లేనట్టే. బదులుగా ప్రతి హాల్లో రివ్యూ బోర్డు నంబరు, జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, టెలీ మానస్ 14416 పెద్దక్షరాల్లో ఉండాలి, చేయడానికి పనిచేసే ఫోన్ ఒకటి ఉండాలి. బయటివాళ్లతో మాట్లాడే హక్కు సెక్షన్ 26 ఇస్తోంది. "మొదటి 45 రోజులు ఫోన్ లేదు, చూడటానికి రాకూడదు" అన్న రూలు ఏ చికిత్స పుస్తకంలోనూ లేదు. గాయాలు మానేదాకా ఎవరూ చూడకూడదన్నదే చాలాచోట్ల దాని వెనకున్న ఉద్దేశం.

ఆడవాళ్లకూ, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకూ పడకలు దాదాపు లేవు. మగవాళ్ల కేంద్రంలో పై గది ఇచ్చి సరిపెట్టడం కుదరదు. విడి భవనం, మహిళా సిబ్బంది, చంటిబిడ్డతో ఉండే వీలు కావాలి. మైనర్లను పెద్దవాళ్లతో కలిపి ఉంచడాన్ని చట్టమే ఒప్పుకోదు.

డిశ్చార్జి పని డిశ్చార్జికి నెల ముందే మొదలవ్వాలి. ఇంటివాళ్లతో వారానికో సమావేశం. మనిషి ముందు భార్య మాట్లాడలేకపోవచ్చు, కాబట్టి ఆమెతో విడిగా ఒకసారి. అక్కడ ముందు వచ్చేది డబ్బు. అప్పు ఎంత, ఎవరికి, నెలకు ఎంత వడ్డీ, కాగితం మీద రాయాలి. విడుదలైన మొదటి సాయంత్రమే అప్పులవాడు గుమ్మంలో నిలబడితే మూడు నెలల కష్టం ఆ రాత్రికే పోతుంది. కార్డు, ఫోన్‌పే ఎవరి చేతిలో ఉండాలో, ఎంతకాలమో మనిషి ఒప్పుకుని నిర్ణయించుకోవాలి. పాత సిమ్‌లో సరుకు ఇచ్చేవాళ్ల నంబర్లుంటాయి, సిమ్ మార్చాలి. ఎనిమిదో వారంలో మూడు రోజులు ఇంటికి పంపి రప్పించాలి. ఆ మూడు రోజుల్లో ఏం కష్టమైందో అదే మిగిలిన వారాల పాఠం. ట్రయల్ లీవులో తాగి వస్తే గెంటేయకూడదు, మళ్లీ మొదటినుంచి ఆరు నెలలు లెక్కపెట్టకూడదు. ఏ గంటలో జారాడో తెలిసింది, దాని మీద పనిచేయాలి.

బయటికెళ్లాక మొదటి మూడు నెలలే గడ్డుకాలం. మూడో రోజు ఫోన్, మొదటి నెల వారం వారం, మూడో నెల దాకా పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత ఏడాది నిండే వరకు నెలకోసారి. ఊరు దూరమైతే దగ్గరి ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి ఉత్తరం రాసి, ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఈ ఫాలోఅప్ రిజిస్టరు లేని కేంద్రానికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఇవ్వకండి. "మా సక్సెస్ రేటు ఇంత శాతం" అని ప్రకటనలిచ్చేవాళ్లను ఆ అంకె ఎన్నో నెలలో, ఎంతమందిని వెతికి పట్టుకుని లెక్కించారో చూపమని అడగండి. చూపలేకపోతే ప్రకటన ఆపించండి.

ఫీజు నెలనెలా తీసుకోవాలి. ముందుగా కట్టించుకున్న సొమ్ము ఉన్నంతవరకు మనిషిని త్వరగా బాగుచేసి పంపాలన్న తొందర ఎవరికీ ఉండదు. మధ్యలో వెళ్లినవాళ్లకు మిగతా రోజుల డబ్బు తిరిగివ్వాలి. బీమా సంగతి మీ చేతుల్లో లేదని తెలుసు. అయినా సెక్షన్ 21 మానసిక అనారోగ్యానికి మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంటుండగా, చాలా పాలసీలు మద్యం, మత్తు చికిత్సను మినహాయింపుల్లో పెడుతున్నాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కేంద్ర కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అథారిటీ హోదాలో మీరు రాసే ఉత్తరానికి మా అర్జీ కంటే బరువుంటుంది.

వీటన్నిటికంటే ముందు ఒక్క పని ఈ నెలలోనే చేయొచ్చు. రిజిస్టరైన డీఅడిక్షన్ కేంద్రాల జాబితాను జిల్లాలవారీగా తెలుగులో ప్రకటించండి. కేంద్రం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, గడువు తేదీ, మంచాల సంఖ్య, డిటాక్స్ చేయడానికి అనుమతి ఉందో లేదో, సైకియాట్రిస్టు పేరు, చివరి తనిఖీ తేదీ. దాని నకలు ప్రతి పీహెచ్‌సీ గోడ మీద, ప్రతి పోలీస్ స్టేషన్లో, ప్రతి గ్రామ సచివాలయం, పంచాయతీ కార్యాలయంలో అంటించండి. రేపు ఉదయం ఏ తల్లో కొడుకును ఎక్కడ చేర్చాలని ఆశా కార్యకర్తను అడిగితే, ఆమె వేలు పెట్టి చూపించడానికి ఒక కాగితం ఉండాలి.

ఇట్లు,
రెండు రాష్ట్రాల్లో డీఅడిక్షన్ వార్డుల్లో, కేంద్రాల్లో పనిచేస్తున్న వైద్యులు, నర్సులు, కౌన్సెలర్లు